దరి కింద కూచోవద్దు

(పాలమూరు పల్లెల్లో సొంత చెలకల్లో మొరం తవ్వుకునే కూలీల సమావేశంలో మన కార్యకర్త ఒకరు చేసిన ప్రసంగ పాఠం ఇది. మాట్లాడిన భాషను ఎక్కువగా దిద్దలేదు. – సం.)



మీటింగంటే పెద్ద పెద్ద సంగతులు చెప్తరని వచ్చి ఉంటరు. ఇవాళ నేను ఒక గుంత గురించి మాట్లాడుత. ఎక్కడిదో గుంత కాదు. మీ చెలకల ఉన్న మొరం గుంత.

యాసంగి పంట ఇంటికొచ్చినంక, వానాకాలం దుక్కులు పడకముందు, మన వాడల జరిగే పనేంది? ఇల్లు కట్టేటోడు బేస్మెంటు నింపుకోవాలె. చేనుకాడికి బండిబాట పోసుకోవాలె. ఎడ్లకొట్టంల నేల గట్టి చేసుకోవాలె. కొందామంటే ట్రాక్టరు మొరం ధర మనకు అందదు. ఉన్నది సొంత చెలక. ఇంట్ల గడ్డపార ఉంది, పార ఉంది, ఇద్దరు మనుషులున్నరు. తవ్వుతం. "నా భూమిల నేను తవ్వుకుంటె అడిగేటోడెవడు?" అంటం.

అడిగేటోళ్లు ఇద్దరున్నరు. ఒకటి సర్కారు. రెండోది దరి. అదే, గుంత చుట్టూ నిలబడ్డ మట్టిగోడ. సర్కారు అడిగితే ముందు నోటీసు వస్తది. దరి నోటీసు ఇయ్యదని మనం అనుకుంటం. ఇస్తది. మనమే చదువం. ఆ నోటీసు ఎట్లుంటదో చదువుడు నేర్చుకుందామనే ఇవాళ్టి ముచ్చట.

ఈ గుంతలు మన వాడలోళ్ల భూముల్లోనే ఎందుకు ఎక్కువున్నయని మీరెప్పుడన్న ఆలోచించిన్రా? భూపంపిణీ అన్నప్పుడు చెరువు కింది నల్లరేగడి మనకిచ్చిన్రా? గుట్ట పక్క చెలకలు ఇచ్చిన్రు. దున్నితే నాగటికి రాయి తగులుతది, తవ్వితే మొరం బయటపడతది. పంటకు పనికిరాదని మనకిచ్చిన ఆ రాళ్ల నేలే ఇవాళ రోడ్లకు, వెంచర్లకు, ఇండ్లకు కావలసొచ్చింది. అందుకే మొరం గుంత ముచ్చట మనకు ఇంటి ముచ్చట. అండ్ల దిగేది మనమే, కూలితే దాని కింద పడేది మనమే.

మా పెద్దన్న గుంత

నేను ఈ మాట పుస్తకం చదివి చెప్పుతలేను. 1998 ఎండకాలంల మా పెద్దన్న మా సొంత చెలకల, మా సొంత గుంతల పోయిండు.

మాకున్నది ఎకరం ఇరవై గుంటలు. ఇల్లు మంజూరైంది. పునాది లేచింది. లోపల నింపడానికి ముప్పై ట్రాక్టర్ల మొరం కావాలె. చేను మూలకు గుంత మొదలుపెట్టిన్రు. అన్న ఏమనుకున్నడంటే, ఉన్నదే కొంచెం భూమి, గుంత వెడల్పు చేస్తే చేను తగ్గుతది, లోతు పోదాం అనుకున్నడు. ఇరవై అడుగుల పొడుగు, పదిహేనడుగుల వెడల్పు పెట్టుకొని కిందికి కిందికి పోయిండు. పదడుగుల లోతు అయింది. దరులు ఇంటి గోడ లెక్క నిలువుగ ఉన్నయి. చూసినోళ్లంత "ఎంత సాఫుగ తీసినవురా" అని మెచ్చుకున్నరు.

మొరం ఎట్ల తీస్తరో మీకు నేను చెప్పాల్నా? పైనుంచి తవ్వుడు కష్టం. అడుగున గడ్డపారతోని తొలిస్తే, పైన పెల్ల దానంతటదే ఇరిగి పడతది. పొట్ట కోసుడు అంటం. రెండు దినాల పని ఒక పూటల అయితది. అన్న కూడ పొట్ట కోసిండు. ముందు రాత్రి ఒక వాన పడ్డది, దుమ్ము అణిగేటంత వాన. తెల్లారి ఎండ మళ్ల మామూలే. పగటీలి వదిన సద్ది తెచ్చింది. అన్న దరి కింద కోసిన పొట్టల నీడకు కూచున్నడు. చల్లగ ఉందన్నడు. చెయ్యి కడుక్కునే నీళ్ల కోసం వదిన పైకెక్కింది. ఆమె చెంబు పట్టుకొని తిరిగి చూసేసరికి దరి లేదు, అన్న లేడు.

నేను పక్క చేన్ల ఉంటి. ఉరికిన. అన్న తలకాయ బయటనే ఉంది. మెడదాక మట్టి. కండ్లు తెరిచే ఉన్నయి. తల బయట ఉంది గదా, బతికిండు అనుకున్న. చేతులు పట్టి గుంజినం. రాలే. గడ్డపారలు తెచ్చి తవ్వినం. రొమ్ముదాక మట్టి తీసేసరికి ఊపిరి లేదు.

తల బయట ఉన్న మనిషి ఎట్ల చచ్చిపోయిండని నేను చానా ఏండ్లు ఆలోచించిన. తర్వాత ఒక డాక్టరు చెప్పిండు. ఊపిరి ముక్కుతోని తీసుకుంటం కాని, తీసేది రొమ్ము. రొమ్ము లేచి పడితేనే గాలి లోపలికి పోతది. చుట్టూ మట్టి బిగిసినప్పుడు మనిషి ఊపిరి వదిలిన ప్రతిసారి రొమ్ము కొంచెం లోపలికి పోతది, ఆ సందుల మట్టి దిగుతది. మళ్ల లేపనియ్యదు. నాలుగైదు నిమిషాల్ల అయిపోతది. ముక్కు బయట ఉన్నా లాభం లేదు.

మా ఒక్క ఇంటి కత అయితే ఇంతమందిని పిలిచి చెప్పకపోదును. 2019 ఏప్రిల్ 10న నారాయణపేట జిల్లా మరికల్ మండలం తీలేరులో ఏమైంది? ఉపాధి హామీ పనికి పోయిన పది మంది ఆడకూలీలు మట్టిదిబ్బ కూలి దాని కింద చచ్చిపోయిన్రు. ఎండకు ఆ దిబ్బ నీడకు కూచున్నోళ్లు. ఎండకాలంల కూలి మనిషికి చెట్టు లేని కాడ నీడ ఇచ్చేది దరి ఒక్కటే. ఆ నీడనే మనిషిని మింగింది. మా అన్న చచ్చిపోయిన ఇరవై ఒక్క ఏండ్లకు కూడ మన ఆడపిల్లలకు ఈ మాట చెప్పేటోళ్లు లేకపోయిరి. అందుకే నేను ఊరూరు తిరుగుతున్న.

నిలబడ్డ దరి ఎందుకు కూలుతుంది

మొరం అంటే ఏమిటి? రాయి చివికి ముక్కలైంది. ఆ ముక్కల మధ్య జిగటమట్టి ఉంటుంది. ఎండినప్పుడు ఆ జిగట సిమెంటు లెక్క పట్టుకుంటుంది. అందుకే మొరం దరి నిలువుగా నిలబడుతుంది. ఇసుక అట్ల నిలబడదు. ఇసుక మోసం చెయ్యదు, తవ్వుతుండగానే జారి చూపిస్తది. మొరం నమ్మించి మోసం చేస్తది.

ఆ జిగట మూడు తీర్ల విడిపోతుంది. వాన పడితే తడిసి మెత్తబడుతుంది. ఎండ కొడితే బిగుసుకొని పగులుతుంది. బరువు పడినా, ట్రాక్టరు అదిరినా, గడ్డపార దెబ్బ తగిలినా పగులు పెద్దదవుతుంది. వాన పడ్డ మరునాడే దరి కూలాలని లేదు. నీళ్లు లోపలికి ఇంకడానికి ఒక దినమో రెండు దినాలో పట్టవచ్చు. "వాన వెలిసింది, నేల ఆరింది" అని దిగినోడే దొరికిపోతడు.

బరువు లెక్క చెప్పుకుందాం. మీటరు పొడుగు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉన్న మొరం పెల్ల ఒకటిన్నర టన్నుకు తక్కువ ఉండదు. అంటే 50 కిలోల సిమెంటు బస్తాలు 30. ఆ ముప్పై బస్తాలు ఒక్కసారే మీద పడితే ఎంత బలిసిన మనిషైనా ఏం చేస్తడు? దరి కూలేటప్పుడు ఉరికి తప్పించుకుంటమని మన మొగోళ్ల ధీమా. పెల్ల ఇరిగి పడడానికి రెప్పపాటు చాలు. ఉరకడానికి కాలు లేపాల్నా వద్దా?

ఇంక నోటీసు సంగతి. దరి ఇచ్చే మొదటి నోటీసు పగులు. గుంత అంచు నుంచి అడుగు, రెండడుగుల దూరంలో, అంచు పొడుగునా గీత గీసినట్టు నెర్రె వస్తుంది. అది కనిపిస్తే లోపలున్నోళ్లందరు పార గిర పారేసి బయటికి రావాలె. రెండో నోటీసు రాలే మట్టి. ఎవరూ ముట్టకున్నా చిన్న చిన్న బెడ్డలు టపటప రాలుతుంటయి. మూడోది నీటి చెమ్మ. దరిలో ఒకచోట తడి ఊరుతుంటే అక్కడ లోపల వదులైందని అర్థం. నాలుగోది పొట్ట. దరి మధ్యల బయటికి ఉబ్బినట్టు కనిపిస్తే ఇంక చూసేదేం లేదు.

వెడల్పు పెంచు, లోతు తగ్గించు

మా అన్న గుంత లెక్క మళ్ల చూద్దాం. ఇరవై అడుగుల పొడుగు, పదిహేనడుగుల వెడల్పు, పదడుగుల లోతు. మూడు వేల ఘనపుటడుగులు. ట్రాక్టరు డబ్బాకు వంద ఘనపుటడుగులు వేసుకుంటే ముప్పై ట్రాక్టర్లు.

అదే ముప్పై ట్రాక్టర్ల మొరం ఇంకో తీరుగ తియ్యొచ్చు. నలభై అడుగుల పొడుగు, ఇరవై ఐదడుగుల వెడల్పు, మూడే అడుగుల లోతు. ఇదీ మూడు వేల ఘనపుటడుగులే. మనిషి నడుముదాక గుంత. ఆ దరి కూలితే కాలు మీద పడతది, రొమ్ము మీద పడదు. అండ్ల కూచోకుంటే, పండకుంటే మనిషికి చావు భయం చానా తక్కువ.

దీనికి ఎంత భూమి పోయింది? వెయ్యి చదరపుటడుగులు. గుంట భూమి అంటే 1,089 చదరపుటడుగులు. ఒక్క గుంట కూడ కాదు! మా అన్న ఆ గుంటల మూడింట రెండొంతుల భూమి మిగిలించుకుందామని లోతు పోయిండు. భూమి మిగిలింది. దున్నేటోడు పోయిండు.

అందుకని మొదటి మాట ఇది. మొరం కావలసినప్పుడు వెడల్పు పెంచు, లోతు తగ్గించు. పైన ఉన్న దున్నే మట్టి, అది అడుగుండనీ అడుగున్నర ఉండనీ, ముందు తీసి వేరే కుప్ప పెట్టు. మొరం తీసినంక ఆ మట్టి మళ్ల పర్చు. మూడడుగులు దిగిన చేను మళ్ల చేనే అయితది, జొన్న ఏసుకోవచ్చు. పదడుగుల గుంత మళ్ల చేను కాదు. పైమట్టి పోగొట్టుకుంటే అది మన మనుమల కాలానికి కూడ తిరిగి తయారు కాదు.

కొన్నిచోట్ల మూడడుగుల కింద గాని మొరం తగలదు. లోతు పోక తప్పదు. అప్పుడేం చెయ్యాలె? ఏటవాలు తియ్యాలె, లేకుంటే మెట్లు కొట్టాలె. ఇది నా సొంత తెలివి కాదు. గనుల చట్టం కింద 1961లో రాసిన మెటాలిఫెరస్ గనుల నిబంధనల్లో మొరం, గ్రావెల్, జిగటమట్టి లాంటి నేలకు ఇదే చెప్పిన్రు. దరి 45 డిగ్రీలకు మించి నిటారుగా ఉండొద్దు. అట్ల కాకుంటే మెట్లు మెట్లుగా తియ్యాలె, ఒక్కో మెట్టు ఎత్తు మీటరున్నర దాటొద్దు, మెట్టు వెడల్పు దాని ఎత్తుకు తగ్గొద్దు. దరిని కింద తొలిచి పైన వేలాడేటట్టు చెయ్యొద్దు. అంచుకు మూడు మీటర్ల లోపల చెట్టు గాని, వదులు రాయి గాని, మట్టికుప్ప గాని ఉంచొద్దు.

డిగ్రీలు, మీటర్లు మనకెందుకు? ఐదడుగుల కర్ర ఒకటి కోసుకోండి. మీటరున్నర అంటే రమారమి ఆ కర్రంత. కర్ర నిలబెడితే మెట్టు ఎత్తు, అదే కర్ర పండబెడితే మెట్టు వెడల్పు. ఏటవాలైతే, గుంత రెండు కర్రల లోతుంటే పైన అంచు రెండు కర్రలు వెనక్కి పోవాలె. ఎంత లోతో అంత వెనక్కి. చదువురాని అవ్వ కూడ కొలవొచ్చు.

"ఏటవాలు తీస్తే పని దండుగ గదా" అంటరు. ఎందుకు దండుగ? ఏటవాలుల తీసింది కూడ మొరమే. అది కూడ ట్రాక్టరులకే పోతది. అంత లోతు పోకముందే నీకు కావలసింది దొరుకుతది.

గుంత మొదలుపెట్టేముందు, దిగినంక

గుంత ఎక్కడ పెట్టాలో ముందు ముసలోళ్లను అడగండి. పూడిన పాతబాయి ఉన్నకాడ, ఇదివరకు తవ్వి నింపినకాడ నేల ఎన్నడూ గట్టిగ ఉండదు. మన బొందలగడ్డ పక్కన పెట్టకండి. కరెంటు స్తంభం, బోరు, పక్కోని గెట్టు, కాలువ కట్ట, ఇంటి పునాది, వీటికి దగ్గర వద్దు. గుంత ఎంత లోతు పోదలిచిన్రో అంత ఏటవాలుకు ఇడిచి, ఆ పైన ఇంకో కర్ర దూరం ఇడవండి. పక్కోని గెట్టు కూలితే ఆ తగాద గుంత పూడినా పూడదు.

తవ్వేటప్పుడు పైనుంచి కిందికి తవ్వాలె. అడుగున తొలిచి పైది పడగొట్టుడు బంద్. పొట్ట కోసుడు మనం నేర్చుకున్న సులువు కాదు, గుత్తకు పని చేసి చేసి అలవాటైన ఆపద. ట్రాక్టరు లెక్కన పైసలిచ్చేటోనికి తొందర. వాని తొందర మన చేతికి అలవాటైంది. సొంత చెలకల కూడ ఆ అలవాటే చేస్తున్నం. ఇక్కడ తొందరపెట్టేటోడు ఎవడు?

తీసిన మట్టి అంచు మీద పోయొద్దు. ట్రాక్టరును అంచుదాక వెనక్కి తేవొద్దు. గుంత ఎంత లోతో కనీసం అంత దూరంల ఆపి, ఎనుక చక్రాలకు అడ్డంగ మట్టికట్ట వెయ్యండి. ఎక్కిదిగే బాట వంపుగ, వెడల్పుగ ఉండాలె. రెండు దిక్కుల బాట ఉంటే ఇంకా మంచిది. ఒక దిక్కు కూలితే ఇంకో దిక్కు ఉరకొచ్చు.

ఒక్కరే గుంతల దిగొద్దు. ఒకరు లోపల ఉంటే ఒకరు పైన ఉండాలె. పైనున్న మనిషి పని మొరం ఎత్తుడు కాదు, దరిని చూసుడు. పొద్దున దిగేముందు, పగటీలి తిన్నంక, వాన పడ్డంక అంచు చుట్టూ తిరిగి నెర్రె చూసి గాని దిగొద్దు. పెద్ద వాన పడితే రెండు దినాలు ఆగండి. చీకట్ల తవ్వొద్దు.

నీడ సంగతి. ఇది ఆడోళ్లకు మరీ మరీ చెప్తున్న. తట్టలెత్తి అలిసిపోయి కూచునేది మీరే. సద్ది తినేది, నీళ్లు తాగేది, చంటిపిల్లకు పాలిచ్చేది దరి నీడల కాదు. గుంత బయట నాలుగు కట్టెలు పాతి చీరో తాటిపత్రో కట్టుకోండి. అది కట్టేదాక పని మొదలుపెట్టమని చెప్పండి. ఇంటి మొగోనికైనా చెప్పండి, మేస్త్రీకైనా చెప్పండి.

పిల్లల్ని గుంతలకు తేవొద్దు. 2016ల బాలకార్మిక చట్టాన్ని సవరించినప్పటినుంచి 18 ఏండ్ల లోపు వాళ్లను గనుల పనిలో పెట్టుడు నేరం. చట్టం సంగతి అటుంచండి, బడికి పోవాల్సిన పిల్లవానికి దరి కింద ఏం పని? దుమ్ము కూడ తక్కువ శత్రువు కాదు. తెల్లరాయి కలిసిన మొరం దుమ్ము ఏండ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు రాయి అయితయి. నీళ్లు చల్లి తవ్వండి, ముక్కుకు తడిబట్ట కట్టుకోండి. దుమ్ము కొంత తగ్గుతది.

ఒకవేళ కూలింది. ఏం చెయ్యాలె? అందరు ఒక్కసారి గుంతలకు దునకొద్దు. ఒకసారి కూలిన దరి రెండోసారి కూడ కూలుతది. కాపాడపోయినోళ్లు పోయిన గుంతలు ఎన్నో ఉన్నయి. ఒకరు దరిని చూస్తుండాలె. ఒకరు 108కి గాని 112కి గాని ఫోను కొట్టాలె. దిగినోళ్లు ముందు మొఖం మీది మట్టి, ఎంటనే రొమ్ము చుట్టూ మట్టి తియ్యాలె. తల బయట ఉంది గదా అని నిదానం చెయ్యొద్దు. మేం చేసిన తప్పు అదే. చేతులు పట్టి గుంజొద్దు. మనిషి దగ్గర గడ్డపార, జేసీబీ పెట్టొద్దు. చేతులతోని, తట్టలతోని తియ్యాలె. బయటికి తీసినంక బాగానే మాట్లాడుతున్నా దవాఖానకు తీసుకపోవాల్సిందే. లోపల నలిగిన దెబ్బ పైకి కనిపించదు.

పనైపోయినంక గుంతను వదిలేసి రావొద్దు. వాన నీళ్లు నిండితే అది చెరువు లెక్క కనిపిస్తది, పిల్లలు ఈతకు దిగుతరు. దరులు వంపు చేసి పైమట్టి పర్చండి. నింపలేకపోతే ఒక దిక్కు ఎక్కివచ్చే వంపు ఉంచి చుట్టూ ముండ్లకంప వెయ్యండి.

కాయితం సంగతి

ఇంక సర్కారు అడిగే సంగతి. భూమి మనదైతే కింద మొరం ఎవరిది? 2013లో సుప్రీంకోర్టు కేరళ మలబారు భూముల కేసులో ఒక మాట చెప్పింది. చట్టం ప్రకారం తీసేసుకుంటే తప్ప, భూమి యజమానికే కింద ఖనిజం మీద కూడ హక్కు ఉంటుందన్నది. మంచిదే. కాని హక్కు ఉండుడు వేరు, అనుమతి లేకుండ తవ్వి అమ్ముడు వేరు. 1957 గనుల చట్టంలో గ్రావెల్ చిన్నతరహా ఖనిజం. దానికి నియమాలు రాష్ట్రం చేస్తుంది. అనుమతి, రవాణా కాయితం లేకుండ మొరం బండి రోడ్డెక్కితే బండి పట్టుకోవచ్చు, కేసు పెట్టొచ్చు. 2015 సవరణతోని శిక్ష ఐదేండ్ల జైలు, హెక్టారుకు ఐదు లక్షల జుర్మానా దాక పెరిగింది.

మన భూముల్లో ఎక్కువ అసైన్డ్ భూములు. వాటిని అమ్మొద్దని, కొనొద్దని 1977లో చట్టం వచ్చింది. ఆ పట్టా సాగుకు ఇచ్చింది. వ్యాపారానికి తవ్వితే, షరతు తప్పినవని పట్టా మీదికి వచ్చే సాకు మనమే చేతికిచ్చినట్టు. అందుకే సొంతానికి తవ్వుకునేటప్పుడు కూడ ఎందుకు, ఎంత తవ్వుతున్నరో రాసి తహసీలులో, పంచాయతీలో ముందుగ దరఖాస్తు పెట్టండి. చేతిల రసీదు ఉంచుకోండి. అమ్మే ఆలోచన ఉంటే గనుల శాఖ అనుమతి లేకుండ పార ముట్టొద్దు.

జేసీబీ తెచ్చేటోడు ఒకడు వస్తడు. "అన్నా, నీ చెలక సాపు చేసిస్త, మొరం నేను తీసుకపోత, నీకు ఖర్చు లేదు" అంటడు. అంతకుముందు మన వాడ మొఖం చూడనోడు వరుస కలుపుతడు. వాని లెక్క నేను చెప్త. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. మీటరు లోతు తీస్తే 4,047 ఘనపు మీటర్లు. ట్రాక్టరు డబ్బాలకు మారిస్తే 1,400 దాటుతది. వాడు మీటరుతోని ఆగుతడా? మొరం పోతది, పైమట్టి పోతది, మూడు మనుషుల లోతు నిలువు దరి మిగుల్తది. అధికారి వచ్చినప్పుడు జేసీబీ ఉండదు. పహాణీల పేరు నీది. అడిగేది నిన్నే. మీ మాట కాదని జబర్దస్తీగ భూమిల దిగితే ఊకోవద్దు. దళితుల భూమిని అక్రమంగా ఆక్రమించుడు 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. ఫిర్యాదు రాసి ఇయ్యండి, నకలు దగ్గర పెట్టుకోండి.

ఒక సంగతి మాత్రం మర్చిపోవద్దు. 1952 గనుల చట్టంల ఆరు మీటర్ల లోతు దాటని, 50 మందికి మించి పని చెయ్యని, మందుగుండు వాడని మొరం గుంతల్ని చాలా షరతులనుంచి వదిలేసిన్రు. అంటే మన లాంటి గుంతలే. లోతు తక్కువ, ఆపద తక్కువ అనుకున్నరేమో. మా అన్న పోయింది మూడు మీటర్ల గుంతల. ఇన్‌స్పెక్టరు వస్తడని చూడొద్దు. మన గుంతకు మనమే ఇన్‌స్పెక్టర్లం.

రేపు పొద్దున

మాట్లాడింది చాలు. ఈ వాడ వెనక దిక్కు చెలకల ఒక గుంత ఉంది. వచ్చేటప్పుడు చూసిన. ఎవరిదని అడగను. తూర్పు దరి నిలువుగ ఉంది, అడుగున పొట్ట కోసి ఉంది, పైన అంచు మీద ఎడంగ నెర్రె ఉంది. పొట్టల సద్దిగిన్నె మూత ఒకటి పడి ఉంది. అంటే ఇవాళ పగటీలి అక్కడ ఎవరో కూచుని తిన్నరు. వాళ్లు ఈ మీటింగులోనే ఉన్నరు. బతికి ఉన్నరు. నాకు అదే సంతోషం.

రేపు పొద్దున ఎండ ఎక్కకముందు అందరం పోదాం. ఎవరూ లోపలికి దిగేది లేదు. నెర్రెకు అవతల, గట్టి నేల మీద నిలబడి చూద్దాం. చేతులతోని కూలగొట్టే దరి కాదది. జేసీబీకి తలా ఇంత వేసుకుందాం. బండిని నెర్రెకు దూరంగ నిలబెట్టి, పైనుంచి కొద్దికొద్దిగ గీకించి ఆ దరిని వంపు చేయిద్దాం. పడ్డ మొరం ఆ ఇంటోళ్లదే, ఎవరం తీసుకపోం. ఆ తర్వాత నీడకు నాలుగు కట్టెలు పాతుదాం. ఒక పూట కూలి పోతది. పోనీ. మా ఇంట్ల ఆ పూట కూలి మిగిలించుకున్నం. ఇరవై ఏండ్లు దాటినా వదిన ఇంక ఆ చెంబుతోని నీళ్లు తాగదు.

వచ్చేటప్పుడు ప్రతి ఇంటినుంచి ఐదడుగుల కర్ర ఒకటి తెచ్చుకోండి. పని అయినంక ఆ కర్రను ఇంటికి తీసుకపోయి గడ్డపార పక్కన పెట్టండి. గడ్డపార ఎత్తిన ప్రతిసారి కర్ర కూడ చేతికి రావాలె.

ఉంటా. రేపు గుంతకాడ కలుద్దాం.